చెవి తీసేసిన దీపం

నమోదు 1

ఇల్లు: మైలపల్లి వారిది, పడమటి వంతెన వరస.
ఫిర్యాదు: దీపం వెలుగుతోంది.

దీపం ఆరిపోయిందని మా షెడ్డుకి పరుగెత్తుకొచ్చే వాళ్ళను చాలామందిని చూశాను. వెలుగుతోందని వచ్చింది నూకాలమ్మ ఒక్కతే.

"బాగుసెయ్యమని రానేదు. సూడమని వొచ్చేను," అంది. అచ్యుతం మాస్టారు కుర్చీ జరిపినా కూర్చోలేదు.

మాస్టారు నా వైపు తిరిగారు. "ఫిలోమినా, నువ్వెళ్ళు. ఏది చూశావో అది రాయి. ఏమనుకున్నావో రాయకు."

మరమ్మతు నమోదులకి ఈ షెడ్డులో ఉన్న నియమం అదొక్కటే. ప్రయత్నిస్తాను.

ఇవి వేరే ఊళ్ళ షెడ్లకి కూడా వెళ్తాయి కాబట్టి మా పద్ధతి రాస్తున్నాను. ఇక్కడ ప్రతి గుమ్మానికీ ఒక పలక ఉంటుంది. ఇంట్లో ఎంతమందో పలకలో అన్ని ఎల్‌ఈడీలు. మనిషి చేతి కడియం నుంచి పిలుపు వస్తున్నంతసేపూ ఆ మనిషి దీపం వెలుగుతుంది. మా సముద్రం మీద మంచు విడవదు. లోపలికి వెళ్ళినవాళ్ళు బతికే ఉన్నారని తెలిసేది దీపంతోనే. పిలుపు వినే చిన్న పరికరాన్ని చెవి అంటాం. కొత్త చెవులు చేసేవాళ్ళు ఎక్కడా మిగల్లేదు. అందుకని ఒక మనిషి పోయినట్టు పెద్దలు తేల్చాక ఆ మనిషి చెవిని పలకలోంచి తీసి, బిడ్డ పుట్టిన ఇంటికి ఇస్తారు. దీపాన్ని మాత్రం తియ్యరు. గుమ్మంలో చీకటిగా ఉండిపోతుంది.

నూకాలమ్మ కొడుకు ఎల్లాజీ. మునిగిపోయిన పట్నంలోకి దిగి రాగి తీగ తెచ్చేవాడు. వానలకి ముందు వెళ్ళాడు. దీపం ఆరింది. పెద్దలు ఆగవలసినంత కాలం ఆగి, అతని చెవిని బెవర వారింట్లో పుట్టిన ఆడపిల్లకి ఇచ్చారు.

ఇప్పుడు చెవి లేని ఆ దీపం వెలుగుతోంది.

నమోదు 2

పలకలో రెండు దీపాలు. పైది నూకాలమ్మది, నిలకడగా ఉంది. కిందిది ఎల్లాజీది. చీకటి.

"ఉండు," అంది నూకాలమ్మ. కొంగుతో చెయ్యి తుడుచుకుని వేళ్ళు దీపం దగ్గరికి తీసుకెళ్ళింది. ముట్టుకోలేదు.

దీపం రెపరెపలాడి వెలిగింది. చెయ్యి తీస్తే ఆరింది.

"పొద్దున్నే పలకరిస్తే పలుకుతాడు. గంజి తాగేవేట్రా అంటే పలుకుతాడు. ముసిల్దానికి మతిపోయిందని ఈదంతా అనుకోడం ఎందుకని ఇన్నాల్లూ ఎవులికీ సెప్పనేదు."

"ఎప్పటినుంచి, నూకాలమ్మ గారూ?"

"గారేటే, గారు! అత్తా అను. ఊరంతా అదే అంటాది."

నేను అనలేదు. స్క్రూడ్రైవర్ తీసి పలక మూత విప్పబోయాను. నా చెయ్యి మూతకి తగలకముందే దీపం వెలిగింది. నూకాలమ్మ చేతులు రెండూ అప్పుడు తన నడుం మీద ఉన్నాయి.

"సూసేవా! నిన్ను పోల్చుకున్నాడే!" అంది. నవ్వింది. వానల తర్వాత ఆమె నవ్వడం నేను చూడలేదు.

నా చెయ్యి దగ్గరికి వెళ్తే దీపం వెలిగింది. చూసింది ఇంతే.

నమోదు 3

ముందు తేలికైనవి చూశాను. ఎల్‌ఈడీని ఊడదీసి బ్యాటరీకి పెట్టాను. బాగానే ఉంది. దాని ముందున్న రెసిస్టర్‌ని మీటరుతో చూశాను. బాగానే ఉంది. ఉప్పుగాలికి టంకం పచ్చబడి అతుకులు ఒకదాన్నొకటి తాకుతున్నాయేమోనని అన్నీ గీకి మళ్ళీ వేశాను. పలకలో తేమ చేరిందేమోనని నూకాలమ్మ పొయ్యి పక్కన ఆరబెట్టాను. తిరిగి బిగించి చెయ్యి పెట్టాను. వెలిగింది.

చెవి ఉండవలసిన చోట ఖాళీ ఉంది. చెవికి వెళ్ళే తీగని ఎవరూ తియ్యలేదు. అది గుమ్మం కర్ర వెంట పైకప్పు దాకా పాకి ఉంది.

మాస్టారు స్వయంగా వచ్చారు. తీగని కింది నుంచి పైదాకా చూశారు.

"ఇంత పొడుగు తీగ ఉంటే చెవి లేకపోయినా పిలుపు పట్టొచ్చు. కడియం బాగా దగ్గర్లో ఉంటే."

"ఎంత దగ్గర్లో, సార్?"

"బయటి రాళ్ళ దాకా అనుకో."

సముద్రం నడుమ లేచిన ఆ రాళ్ళ మీద వాననీళ్ళు నిలుస్తాయి. ఆల్చిప్పలు దొరుకుతాయి. మనిషి చాలాకాలం బతకగలడు. మంచులో అక్కడి నుంచి ఒడ్డు ఎటో తెలియదు.

లోపల నూకాలమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. మాస్టారు ఆ మాట పైకి అనకుండా ఉండాల్సింది.

నమోదు 4

నూకాలమ్మ పెద్దల దగ్గరికి వెళ్ళింది. కొడుకు బయటి రాళ్ళ మీద ఉన్నాడు, పడవ పంపమని అడిగింది.

పోయిన ఏడు ఒక పడవ ఇలాగే వెతకడానికి వెళ్ళి తిరిగి రాలేదు. తూర్పు వరసలో పక్కపక్క గుమ్మాల్లో చీకటి దీపాలు ఆ పడవవాళ్ళవే. అందుకని పెద్దలు ఒక మాట అన్నారు. దీపం కడియాన్నే వింటోందని షెడ్డు రాసిస్తే పడవ వెళ్తుంది. లేకపోతే లేదు. అమావాస్య పోటు దాకా ఆగుతారు. రాసివ్వవలసింది నేను. పలక విప్పింది నేను కాబట్టి.

పడవ నడుపుతానని బండియ్య ముందుకొచ్చాడు. ఎల్లాజీ స్నేహితుడు. ఊళ్ళో ఎవరినీ సొంత పేరుతో పిలవడు. ఈ రోజు షెడ్డు కిటికీలో తల పెట్టాడు.

"ఏటి పుస్తకాలమ్మా, ఇంకా తేల్చనేదా? దీపంకి వ్యాకరణం గానీ సూత్తన్నావా?"

"చూస్తున్నాను."

"సూసింది సాల్లే. ఉన్నాడు అని రాసీ. మూడచ్చరాలు. నా పెళ్ళాం నీల్లోసుకుంది, ఎల్లొద్దని తిట్టిపోత్తంది. నువ్వు రాసిస్తే ఆ కాయితం సూపించి దాని నోరు మూయిస్తాను."

నేను తల వంచుకుని టంకం పుల్ల శుభ్రం చేస్తూ ఉండిపోయాను. సిస్టర్ల బడిలో పెరిగిన నాకు, ఎవరైనా ఎదురుగా నిలబడి అడిగితే మాట రాదు. ఎల్లాజీ ముందు మాత్రం వచ్చేది. అతను పట్నంలోంచి రాగితో పాటు పుస్తకాలు తెచ్చేవాడు. తనకి చదువు రాదు. "సదివి కత సెప్పు," అని పుస్తకం బల్ల మీద పెట్టి, మూల కూర్చుని తీగ మీద తొడుగు ఒలుచుకునేవాడు. నేను చెప్పేదాన్ని. ముగింపు దగ్గర ఎప్పుడూ తీగ పక్కన పెట్టేసేవాడు. 

ఇది మరమ్మతుకి సంబంధించింది కాదు. కొట్టెయ్యాలి.

నమోదు 5

పరీక్ష. తీగ కడియాన్ని వింటోందా, లేక మరి దేన్నైనా వింటోందా?

నా కడియం తీసి, దానిలో నా పిలుపు బదులు ఎల్లాజీ పిలుపు పెట్టి, పొడుగాటి వెదురుకర్ర చివర కట్టాను. నేను దూరంగా నిలబడి, కర్ర చాపి, కడియాన్ని తీగకి జానెడు దూరంలో ఆపాను. బయటి రాళ్ళ దాకా వినగలిగే తీగ దీన్ని వినాలి.

దీపం వెలగలేదు.

కర్ర కింద పెట్టాను. కడియం లేని చేత్తో దీపం దగ్గరికి వెళ్ళాను. వెలిగింది.

మళ్ళీ కర్ర ఎత్తుతుంటే వంతెన మీద ఎవరో పరుగెడుతున్న చప్పుడు. నేనుండే బడి సిస్టర్ ఆగ్నెస్. ఒక చేత్తో అంగీ ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో జపమాలతో వస్తోంది. నన్ను చూసి వంతెన కర్ర పట్టుకుని కూలబడింది.

"నీ దీపం ఆరిపోయింది! పిల్లలందర్నీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి వచ్చాను!"

కడియంలో నా పిలుపు తీసేస్తే బడి గుమ్మంలో నా దీపం ఆరుతుందన్న ఆలోచనే నాకు రాలేదు.

"ఓలమ్మో, బతికున్నదాన్ని సంపీసేవు గదే," అని నూకాలమ్మ మంచినీళ్ళ చెంబుతో బయటికొచ్చింది. సిస్టర్ నీళ్ళు తాగింది. నా చెవి మెలిపెట్టింది. నేను కడియంలో నా పిలుపు తిరిగి పెట్టాక నా చెయ్యి పట్టుకుని, దాన్ని తొడిగి, వదలకుండా చాలాసేపు అక్కడే కూర్చుంది.

ఫలితం అని రాయవలసిన చోట ఖాళీ వదిలాను. తీగ తడిసి ఉండవచ్చు. ఎల్లాజీ కడియం నాదానికంటే గట్టిగా పిలుస్తుండవచ్చు. ఒక్క పరీక్ష చాలదు.

చాలదని రాస్తున్నాను. చాలకూడదని అనుకుంటున్నాను.

నమోదు 6

మరొక పరీక్షకి, కచ్చితంగా పోయిన మనిషి దీపం కావాలి.

తాతారావు గారి భార్య జ్వరంతో ఇంట్లోనే పోయింది. ఊరంతా మోసి, కొండ మీద పూడ్చాం. కడియం ఆవిడ చేతికే ఉంచి పూడ్చడం ఇక్కడి ఆచారం. మట్టి కింద అది పలకదు. ఆవిడ చెవిని కూడా ఎవరో బిడ్డకి ఇచ్చేశారు.

తాతారావు గారు గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్నారు. ఆయన దీపం పలక చూడాలన్నాను. కండె కింద పెట్టేశారు.

"ఎందుకమ్మా? అదేటి సేసింది?"

"ఏం చెయ్యలేదు. ఒకసారి చెయ్యి పెట్టి చూస్తాను."

"ఒద్దు." చాలా త్వరగా అన్నారు. కాసేపాగి లేచారు. వంతెన మీద అటూ ఇటూ చూశారు. తర్వాత ఆయనే వేలు చాపి, భార్య దీపం ముందు ఉంచారు.

వెలిగింది.

"రోజూ పొద్దున్న ఓసారి," అన్నారు. "ఒక్కసారే. ఎక్కువ ఇసిగిస్తే కోప్పడతాది. బతికున్నప్పుడూ అంతే." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నాకు తెలుసమ్మా, నానే మట్టేసేను గదా. ఎవులికీ సెప్పకు. మనవలు నవ్వుతారు."

చెప్పనన్నాను. షెడ్డుకి వచ్చేదాకా బాగానే నడిచాను. 

నమోదు 7

చెయ్యవలసిన పని చేశాను. మైలపల్లి వారి పలకకి కేబుల్ పెట్టి చిప్పు సెట్టింగులు చదివాను. ఇది మొదటిరోజే చెయ్యవలసింది.

చెవి నుంచి వచ్చే తీగ చిప్పులో ఒక పిన్నుకి చేరుతుంది. చెవి ఉన్నప్పుడు ఆ పిన్నుని అదే గట్టిగా పట్టుకుని ఉంటుంది. పిలుపు వస్తే అవునని, రాకపోతే కాదని చెప్తుంది. చెవి తీసేస్తే పిన్నుని పట్టుకునేది ఏదీ ఉండదు. అప్పుడు పిన్ను పక్కన ఏది కదిలినా దానికి ఊగుతుంది. మనిషి చెయ్యి చాలు. ఎవరి చెయ్యి అయినా సరే.

దీనికి చిప్పు లోపలే ఒక చిన్న రెసిస్టర్ ఉంది. సెట్టింగుల్లో దాన్ని తగిలిస్తే, ఎవరూ పట్టుకోని పిన్నుని అది కాదు వైపుకి లాగి ఉంచుతుంది. కిందటి బ్యాటరీల కరువులో, పలకలు కరెంటు తక్కువ తాగాలని, ఊళ్ళో అన్ని చిప్పుల సెట్టింగుల్లోనూ ఆ రెసిస్టర్‌ని తీసేశారు. చెవి ఉన్న దీపాలకి తేడా రాలేదు. చీకటి దీపాల గురించి ఎవరూ ఆలోచించలేదు.

మనం చెవిని తీసుకుని వెళ్ళాం. తీసుకున్న సంగతి చిప్పుకి చెప్పలేదు. అది ఇంకా వింటూనే ఉంది.

మాస్టారు ఇదంతా చదివారు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చదివారు.

"బయటి రాళ్ళని అన్నది నేను," అన్నారు.

"కావొచ్చనే అన్నారు, సార్."

"తల్లి ముందు అన్నాను." కాగితం నాకు తిరిగిచ్చారు. "పెద్దలకి నేను చెప్తాను. ఆవిడకి నువ్వు చెప్పాలి, ఫిలోమినా. నీ మాట ఆవిడ వింటుంది."

"తాతారావు గారి పలక?"

"దాని మీద ఫిర్యాదు వచ్చిందా?"

"రాలేదు."

"ఫిర్యాదు రానిదాని జోలికి మనమెందుకు?"

నమోదు 8

దారిలో బండియ్య కనిపించాడు. పడవ అడుగున తారు పూస్తున్నాడు. నా ముఖం చూసి కుంచె డబ్బాలో పడేశాడు.

"ఆడు అక్కడ నేడా?"

"తెలీదు. దీపం మాత్రం అతన్ని వినడం లేదు. అది రాశాను."

"ఉన్నాడని రాయమన్నాను. మూడచ్చరాలే గదా. అన్నన్ని పుస్తకాలు సదివేవు, మూడచ్చరాలు రాయలేకపోయేవా?"

"రాస్తే నువ్వు వెళ్ళేవాడివి."

"ఎల్తాను! ఎల్లనా మరి?" అరిచాడు. పడవ అంచుమీద కూర్చున్నాడు. తారు అంటిన చేతుల్తో ముఖం తుడుచుకోబోయి, ఆగి, భుజంతో తుడుచుకున్నాడు. 

నేను నిలబడి ఉన్నాను. ఏదైనా అనాలి.

"పో, పుస్తకాలమ్మా," అన్నాడు చివరికి, మెల్లగా. "ఆవిడ ఎదురుసూత్తాది."

పడవ వెళ్ళదు. బండియ్య భార్యకి ఈ సంగతి ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆవిడ ఊపిరి పీల్చుకుని ఉంటుంది. అది తప్పు కాదు. నేను మూడక్షరాలు రాయాలనే అనుకున్నాను. ఆ రోజు కిటికీ దగ్గర అతను అడిగినప్పుడే కలం నా చేతిలో ఉంది. మాస్టారు రాయవద్దన్న సంగతే ఇది. అయినా రాస్తున్నాను. నాకు దీపం వెలగడం కావాలి. పడవ వెళ్ళడం కావాలి. మంచులోకి ఎవరు పోయినా ఫర్వాలేదు, అతను రావాలి అనుకున్నాను, ఒక పూటంతా.

నమోదు 9

నూకాలమ్మ పడవవాళ్ళ కోసం ఎండుచేపలు వేయించి ఆకుల్లో కడుతోంది. ఇల్లంతా ఆ వాసన. ఎల్లాజీ చొక్కా ఒకటి ఉతికి మడతపెట్టి పైన పెట్టింది. తడిసి ఉంటాడని కాబోలు.

నేను నిలబడే చెప్పాను. పిన్ను, సెట్టింగు, రెసిస్టర్ అని మొదలుపెట్టాను. ఆమె కట్టడం ఆపలేదు. అప్పుడు నేనే ఆపి, వేరేలా చెప్పాను. "అత్తా, అది మన చేతికి వెలుగుతోంది. అతనికి కాదు."

ఆమె ఆకు చివర మడిచి పుల్ల గుచ్చింది.

"నా సేతికి ఎలిగింది గదా."

"ఎవరి చెయ్యి పెట్టినా వెలుగుతుంది."

"బండిగాడు ఎడితే?"

"వెలుగుతుంది."

"దారినపోయీవోడు ఎడితే?"

"వెలుగుతుంది, అత్తా."

పొట్లం కింద పెట్టింది. "మరి నాను రోజూ ఆడితో మాటాడేను గదే," అంది. "గంజి తాగేవా అంటే పలికీవోడు."

గోడ వైపు చూశాను. చాలాసేపటికి ఆమె లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. నేను ల్యాప్‌టాప్ కేబుల్ తగిలించి సెట్టింగు దాకా వెళ్ళి ఆగాను.

"మీకు వద్దంటే ఇలాగే వదిలేస్తాను," అన్నాను. "పడవ ఎలాగూ వెళ్ళదు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారని రాస్తాను. మాస్టారు ఏమీ అనరు."

ఆమె చెయ్యి చాపింది. దీపం వెలిగింది. అలాగే ఉంచింది. వెలుగు ఆమె వేళ్ళ మధ్య వణుకుతోంది. 

"ఆడు అబద్దం ఆడీవోడు కాడు," అంది. "సిన్నప్పుడు కుండ పగలగొట్టినా నానేనే అమ్మా అని ఎదురొచ్చీవోడు. ఆడి దీపం సేత అబద్దం ఆడించకు. ఆ ఎలుగు తీసీ."

నేను నొక్కాను.

దీపం ఆమె చేతి కిందే ఆరింది. ఆమె చెయ్యి తియ్యలేదు. వేళ్ళు కొంచెం దగ్గరికి జరిపింది. ఇంకొంచెం. గాజుకి ఆనించింది.

"నీకు తెలుసా," అంది, దీపం వైపే చూస్తూ. "ఇంటికొచ్చి కతలు సెప్పీవోడు. నువ్వు సెప్పినవే. ప్రతిదీ 'ఆయమ్మి ఇలాగంది' అని మొదలెట్టీవోడు. కత సగం అదే. ఆయమ్మి ఇలా సెయ్యి తిప్పింది, ఆయమ్మికి ఇక్కడ ఏడుపొచ్చింది. అసలు కత ఏటో నాకు ఎప్పుడూ తెల్దు."

నేను కింద కూర్చుండిపోయాను. సిస్టర్లు నేర్పినట్టు శబ్దం లేకుండా ఏడవడానికి ప్రయత్నించాను. కుదరలేదు. నూకాలమ్మ కూర్చుని నా తల తన ఒడిలోకి లాక్కుంది. ఆమె చేతులకి వేయించిన చేపల వాసన. 

"ఏడువు," అంది. "నీకూ పోయేడు గదా."

ఎంతసేపో తెలియదు. లేచాక నా పని ఇంకా మిగిలి ఉందని గుర్తొచ్చింది. మరమ్మతు చేసినవాళ్ళు చివరి పరీక్ష స్వయంగా చెయ్యాలి. ఎల్లాజీ దీపం ముందు నా చెయ్యి పెట్టాను. నూకాలమ్మ పక్కన నిలబడి చూసింది.

వెలగలేదు.

"ఇప్పుడు బాగుందా?" అని అడిగింది.

"బాగుంది, అత్తా."

చేసిన పని: లోపలి రెసిస్టర్ తిరిగి తగిలించడమైనది.
ఫలితం: చెయ్యి పెట్టినా దీపం వెలగడం లేదు. పలక సరిగ్గా పనిచేస్తోంది.